మరియమ్మ చూసిన ముఖం

గుడ్ ఫ్రైడే, రాత్రి

చిన్నోడా,

ఇవాళ చర్చిలో పాస్టర్‌గారు చెప్పారు. దారిన పోయేవాళ్లు చూసి భయపడాలని రోమా వాళ్లు మనుషుల్ని నలుగురిలో శిలువ వేసేవారట. ఏ పాపం లేని ప్రభువు మన కోసం ఆ సిగ్గంతా మోశాడట.

నాకు మాత్రం శిలువ కింద నిలబడ్డ ఆయన తల్లి మరియమ్మే కళ్లలో మెదిలింది. ఆవిడ కడదాకా కొడుకు ముఖం చూసింది. నిన్ను కలిదిండి చేపల చెరువులోంచి తీసినప్పుడు, "వద్దొదినా, మీరు చూడలేరు" అని మీ బాబాయి నన్ను గట్టు మీదే ఆపేశాడు.

మూడింటికి ఉపవాసం విడిచి అందరికీ గంజి పోశారు. ఎప్పటిలాగే నీకూ కలిపి రెండు గ్లాసులు పట్టాను. "రెండోది ఎవరికండీ?" అంది పోస్తున్న పిల్ల. రెండూ నేనే తాగాను.

ఆవిడ కొడుకు మూడోనాడు లేచాడు. నీ ముఖం నాకెప్పుడు కనిపిస్తుందో...

ఆకలికి ఆగలేవు నువ్వు. ఎక్కడున్నా కడుపునిండా తిను నాన్నా.