నిద్రపోనివ్వండి

ఫిబ్రవరి 18, సోమవారం

ఇవాళ ఒళ్లు మండిపోయింది. కొత్తగా వచ్చిన శ్యు టీచర్ క్లాసులో నమోహ్‌ని నిద్ర లేపిందట. ఒకసారి కాదు, పీరియడంతా. వాడు తల వాల్చడం, ఆవిడ బల్ల మీద వేళ్లతో టకటకా కొట్టడం. మధ్యాహ్నం గ్రౌండుకి వచ్చేసరికి వాడి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. బంతి ఎటు విసురుతున్నాడో వాడికే తెలీదు.

తొమ్మిదో తరగతి పిల్లాడు, మా బడిలో అదే ఆఖరు. మా బేస్‌బాల్ టీములో బంతి విసిరే పిచర్ వాడే, వాడి చెయ్యే టీము. తెల్లవారకముందే గ్రౌండులో ఉంటాడు. మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి చీకటి పడేదాకా మళ్లీ గ్రౌండే. మధ్యలో ఉన్న ఆ నాలుగు క్లాసుల్లో కాకపోతే ఇంకెప్పుడు పడుకుంటాడు? నేను కోచ్‌గా చేరకముందు నుంచీ ఈ బడిలో ఇదే పద్ధతి. బేస్‌బాల్ పిల్లలు వెనక వరసలో కూర్చుంటారు, తలలు వాలుస్తారు. పాత టీచర్లు మంచివాళ్లు. చలికాలంలో తమ జాకెట్లు తీసి కప్పేవారు.

ఈ తీరంలో మా అమిస్ తెగ పిల్లలకి ఏముందని? వక్క చెట్లు, చేపల పడవ, లేదంటే ఉత్తరాన కాంక్రీటు పని. పుస్తకం పట్టుకుని పైకొచ్చినవాణ్ణి మా ఊళ్లో ఒక్కణ్ణి చూపించమనండి. బంతి పట్టుకుని పైకొచ్చినవాణ్ణి నేనున్నాను. రెండు సీజన్లు ప్రొఫెషనల్‌గా ఆడాను. తర్వాత మోచెయ్యి పోయింది, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 19

వెళ్లి చెప్పాను. మా పిల్లల్ని నిద్రపోనివ్వండి టీచర్ అని మర్యాదగానే అన్నాను. చూస్తే పాతికేళ్లు కూడా ఉండవు ఆవిడకి. నమోహ్ మూడో తరగతి పాఠం కూడబలుక్కుని చదువుతున్నాడు, మీకు తెలుసా సార్ అంది. తెలుసు అన్నాను. తెలీదంటాననుకుంది కాబోలు.

ఫిబ్రవరి 21

ప్రిన్సిపాల్ గువో చెవిన వేశాను. టీము లేకపోతే ఈ బడికి పిల్లలు చాలక ఎప్పుడో తాళం పడేది, ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆవిణ్ణి పిలిపించి చెప్పాడట. ఇక లేపదు.

ఫిబ్రవరి 24, ఆదివారం

అక్క కబురు పెడితే వెళ్లాను. నమోహ్ మా ఓసాయ్ అక్క కొడుకు. గ్రౌండులో నన్ను కోచ్ అనాలి, ఇంట్లో మావయ్యా అంటాడు. చెయ్యి మేనమామ పోలిక అని ఊరంతా అంటుంది. నాకూ వినడానికి బాగానే ఉంటుంది.

ఆ శ్యు టీచర్ ఇంటికే వచ్చిందట! రోజూ సాయంత్రం ఒక్క గంట నమోహ్‌ని పంపితే చదవడం నేర్పిస్తానందట. అక్క నిద్రలేని మొహంతో నా ముందు కూర్చుంది. ఒరేయ్ తఫోంగ్, ఈ ఇంట్లో మాట నీదే కదరా, వాళ్ల నాన్న సముద్రం మీద నుంచి ఆరునెల్లకోసారి వచ్చి పోయేవాడు, ఆయనేం చెప్తాడు, నువ్వు ఊఁ అంటే పంపుతా, ఊహూఁ అంటే లేదు అంది. మావాళ్లలో అంతే. మగవాడు పెళ్లాం ఇంట్లో అతిథి, అక్కచెల్లెళ్ల ఇంట్లో పెద్ద.

నమోహ్ గోడకి ఆనుకుని వింటున్నాడు. టీచర్ ఒక పుస్తకం ఇచ్చింది మావయ్యా, తాబేలు కథ, సగం చదివేశా అన్నాడు. వాడు చదివానని నాతో చెప్పడం అదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

మిగతా సగం పెద్ద హైస్కూలు టీములోకి సెలక్షన్ అయ్యాక చదువుదువుగానిలే అన్నాను. అక్క సరే అంది.

మార్చి 6

తైపే నుంచి ప్రొఫెసర్లు వచ్చారు, ముగ్గురు. మన తీరం పిల్లలు పరీక్షల్లో అట్టడుగున ఎందుకుంటున్నారో కనుక్కోవాలట. తప్పు సంస్కృతిదా, బడిదా?

గువో ఆలోచించకుండా సంస్కృతే అన్నాడు. వీళ్లకి పాట, ఆట, మందు ఉంటే చాలండీ, చదువు ధ్యాసే లేదు, రిపోర్టు కార్డు ఇంటికి పంపితే దాంతో వక్కలు పొట్లం కడతారు అని నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట. నేను పక్కనే ఉన్నాను. నా వైపు తిరిగి, కావాలంటే కోచ్‌గారిని అడగండి, ఆయనా వాళ్లవాడే అన్నాడు.

అందరూ నన్ను చూశారు. మావాళ్ల రక్తంలో పరుగుంది గానీ పుస్తకం లేదండీ అన్నాను. వాళ్లకి అది బాగా నచ్చింది, వెంటనే రాసుకున్నారు. అలా ఎందుకన్నానో నాకే తెలీదు. నా చిన్నప్పుడు మా కోచ్ అనేవాడు ఆ మాట. ఆయన మావాడు కూడా కాదు.

వాళ్లు వెళ్తుంటే శ్యు టీచర్ అడ్డం వచ్చి, ఒక్కసారి క్లాసులో వెనక వరస చూసి వెళ్లండి అందట. బస్సుకి టైమైపోయిందన్నారట.

మార్చి 14, తైచుంగ్

టోర్నమెంటులో క్వార్టర్స్ గెలిచాం. మొత్తం నమోహే విసిరాడు. పత్రికలవాళ్లు ఫోటో తీశారు.

లాడ్జిలో మోచేతికి ఐసు కడుతుంటే, మావయ్యా, చిటికెన వేలు తిమ్మిరెక్కింది అన్నాడు. కోచ్ అనాలి అన్నాను. సరే కోచ్ అన్నాడు.

మార్చి 16, శనివారం

సెమీఫైనల్. నెట్ వెనక ఆ పెద్ద హైస్కూలు కోచ్ స్పీడ్ గన్ పట్టుకుని కూర్చున్నాడు. నమోహ్ కోసమే వచ్చాడు.

వాడికి ఇవాళ విశ్రాంతి ఇవ్వాలి. రూలు కూడా దాదాపు అదే చెప్తుంది, కానీ అందులో సందులున్నాయి, నాకవి కంఠతా వచ్చు. వేస్తావా అన్నాను. పర్లేదు కోచ్, వేస్తా అన్నాడు. పదిహేనేళ్లవాడు ఇంకేమంటాడు? నా చెయ్యి పోయినప్పుడు కూడా ముందు తిమ్మిరెక్కింది చిటికెన వేలే. అది నాకు గుర్తుంది. గుర్తుండే వేయించాను.

అయిదో ఇన్నింగ్సులో చప్పుడు వినిపించింది. పక్కన కూర్చున్నవాళ్లకి వినిపించలేదట. వాడు చెయ్యి పట్టుకోలేదు, అరవలేదు. నా వైపు చూశాడంతే.

మార్చి 17

నిన్నటి సెమీస్ ఓడిపోయాం.

మార్చి 26

తైతుంగ్ ఆస్పత్రి. మోచేతి లిగమెంటు పూర్తిగా తెగింది. ఆపరేషన్ చెయ్యచ్చు, ఏడాది పైన పడుతుంది, మళ్లీ మునుపటిలా విసురుతాడని మాత్రం చెప్పలేను అన్నాడు డాక్టరు. అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం హైస్కూలు కోచ్ ఫోన్ చేశాడు. పిల్లాడు త్వరగా కోలుకోవాలి అన్నాడు. ఆ వెంటనే, మీ దగ్గర ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. గువో కూడా అదే అడిగాడు. వచ్చే ఏడాది పిచర్ ఎవరు కోచ్‌గారూ అని.

ఏప్రిల్ 10

నమోహ్ ఇప్పుడు గ్రౌండుకి రాడు. రోజంతా క్లాసులోనే. నిద్రకి కరువు లేదు కాబట్టి మెలకువగానే ఉంటున్నాడట.

శ్యు టీచర్ గ్రౌండు దాకా నడిచొచ్చింది. తగవుకి వచ్చిందనుకున్నాను. కాదు. వాడు బోర్డు మీదున్న అక్షరాల్ని ఎడం చేత్తో బొమ్మలు గీసినట్టు గీసుకుంటున్నాడట. ఏమిటవి అనడిగితే నవ్వుతాడట. నిద్రపోయినప్పుడే నయం సార్, తనకేమీ రాదని వాడికి తెలిసేది కాదు, ఇప్పుడు ప్రతి గంటా తెలుస్తోంది అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి ఆవిడకి. నేను బంతులు ఏరుకుంటూ నిలబడ్డాను.

సాయంత్రాలు పంపిస్తాను, చెప్పండి అన్నాను. పరీక్షలు వచ్చే నెలే సార్ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మే 18, శనివారం

వాణ్ణి పరీక్షకి నేనే బండి మీద తీసుకెళ్లాను. అందరికన్నా ముందు బయటికొచ్చాడు. ఏం రాశావురా అంటే, అన్నిటికీ సి పెట్టేశా కోచ్, ఏదో ఒకటి తగలకపోతుందా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూన్ 13

గ్రాడ్యుయేషన్. స్టేజి మీద ట్రోఫీలన్నీ వరసగా పెట్టారు. సెమీస్‌కి చేరినందుకిచ్చిన కప్పు మధ్యలో. గువో ఉపన్యాసంలో నమోహ్ పేరు లేదు.

ప్రొఫెసర్ల రిపోర్టు వచ్చింది. స్టాఫ్‌రూములో అందరూ చదువుతున్నారు. కారణం చాలావరకు సంస్కృతే అని తేల్చారు. నా మాట అచ్చేశారు. ‘ఒక స్థానిక కోచ్ చెప్పినట్టు’ అని మొదలుపెట్టి, రక్తమూ పరుగూ పుస్తకమూ అన్నీ. పేరు వెయ్యలేదు. వేసినా ఇంతకంటే ఎక్కువ సిగ్గుపడేవాణ్ణి కాదు.

జూన్ 20

నమోహ్ ఉత్తరాదికి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న తరఫు చుట్టం ఒకాయన కాంక్రీటు పోసే చోట చెక్కలు బిగించే పని చేయిస్తాడు. అందులో పెట్టుకుంటానన్నాడట. సుత్తి ఎడం చేత్తో కొట్టడం నేర్చుకుంటా మావయ్యా, ఎంతసేపు అన్నాడు. మళ్లీ మావయ్యా అంటున్నాడు.

ఆ తాబేలు ఏమైందిరా చివరికి అనడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని. తెలీదు, నువ్వు తర్వాత చదవమన్నావుగా అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు.

బస్టాపులో అక్క నా వైపు చూడలేదు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

జూలై 20

పంట పండగ. ఏటా అక్క ఆవిరి మీద ఉడికించిన జిగురు అన్నం పంపేది. ఈసారి రాలేదు. అడగలేదు.

మధ్యాహ్నం పెద్దల వరసలో కూర్చున్నాను. ఈ ఏడాది ఊరి మగవాళ్లలోకి కొత్తగా చేర్చుకున్న ఒకే ఈడు కుర్రాళ్ల జట్టుకి పాట నేర్పుతున్నారు. ఎండకి ఒకడు కునికాడు. వెంటనే వాడి నెత్తిన బకెట్టెడు నీళ్లు కుమ్మరించారు. అందరూ గొల్లుమన్నారు. కునికింది ఒక్కడే, కానీ పాట మాత్రం జట్టంతా మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోవాలి. ఆఖరివాడికి వచ్చేదాకా ఎవరికీ సెలవు లేదు, నేర్పేవాళ్లకి కూడా. నాకూ ఇలాగే నేర్పారు. నేనూ ఒకసారి తడిశాను.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మా పద్ధతిలో కునికినవాడి మీద నీళ్లు పోస్తారు. జాకెట్ కప్పేది బడిలో. ఇంత చిన్న విషయం ఆ ప్రొఫెసర్లకి చెప్పడం నాకు రాలేదు. వాళ్లు వినాలనుకున్నదే చెప్పి వాళ్ల మెప్పు తీసుకున్నాను.

అయినా అంతా బడి మీదకి నెట్టి చేతులు కడుక్కోలేను. గంట చదువు వద్దన్నది బడి కాదు. అక్క ఇంట్లో కూర్చుని, మేనమామ హోదాలో, నేను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి పెద్దది.

ఆగస్టు 12

కాతింగ్ వచ్చింది. మా వీధి చివర వక్కలమ్ముకునే మనిషి. గంపలో వేడి వేడి జిగురు అన్నం, వెనకాల కొడుకు అంగాయ్. ఆరో తరగతి అయింది, ఎడమచేతి వాటం. ఒక్కసారి చూడు అన్నా, నీ చేతిలో పెడతా, పస్తులు పెట్టినా కొట్టినా నేనడగను అంది.

పదిసార్లు విసిరించాను. మొదటిదానికే తెలిసిపోయింది. అలాంటి చెయ్యి నేను ఇంతవరకూ చూడలేదు. నమోహ్‌ది కూడా అలాంటిది కాదు, నాది అసలే కాదు.

పనికిరాదమ్మా, భుజంలో బలం లేదు, చదివించుకో అన్నాను.

కాతింగ్ నన్ను ఎగాదిగా చూసింది. నీ మేనల్లుడైతే పనికొస్తాడు, నా కొడుకు పనికిరాడా అంది. చదివించుకోవాలా, ఎవరు చదివిస్తారు, ఆ బళ్లోనా, నువ్వు చదివించావా నీవాణ్ణి అంది. అంగాయ్ నేలకేసి చూస్తూ చేతిలో బంతి తిప్పుతున్నాడు. నా బంతి. తిరిగి ఇమ్మని అడగలేకపోయాను. ఆవిడ అన్నం గంప ఎత్తుకుని, పద అని వాణ్ణి లాక్కుపోయింది.

నా మీద నాకే కోపమొచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ మొదటి బంతికి నాలో మళ్లీ ఆశ లేచినందుకు.

ఆగస్టు 20

గువోతో చెప్పాను. ఈ ఏడాది నుంచి పొద్దుటి ప్రాక్టీసు వద్దు, క్లాసులో మావాడెవడైనా పడుకుంటే లేపమనండి, నీళ్లు పోసైనా సరే. ఆయన నవ్వాడు. అలాగైతే మన బడికి ఎవరొస్తారు కోచ్‌గారూ, తల్లిదండ్రులే ఊరుకోరు అన్నాడు. అది అబద్ధం కాదు. కాతింగ్ ఊరుకోలేదుగా.

శ్యు టీచర్‌కి చెబుదామని వెళ్లాను. బడి ఏడాదితో పాటే కాంట్రాక్టూ అయిపోయిందట. వెళ్లిపోయింది. ఆవిడ చోట్లోకి మళ్లీ కొత్తవాళ్లెవరో వస్తారట.

సెప్టెంబరు 2, సోమవారం

కాతింగ్ కొడుకుని బస్సెక్కించి ఉత్తరాన ఇంకో బడికి తీసుకెళ్లిందట. ఒక్క బంతికే తీసుకున్నారట.

వెనక వరసలో కూర్చోబెట్టారట.