కసొండే మర్యాద

తిసా వాళ్ళమ్మా, నా ఎస్నార్టూ,

లేదు, కసొండే మారలేదు. ఇవాళ కూడా టీ గ్లాసు రెండు చేతులతో అందించాడు. పైగా "తీసుకోండి జెరేగారూ" అని ఇంటిపేరు పెట్టి పిలిచాడు. కిందటి ఉత్తరంలో రాశానుగా, కసొండేకి ఏదో అయిందని. నువ్వేమో వయసొచ్చింది, బుద్ధొచ్చిందేమో అని జవాబు రాశావు. వాడికి బుద్ధి రావడమేమిటే? వాడు బెంబా వాడు, నేను న్గోని వాణ్ణి. వాళ్ళ తాతలూ మా తాతలూ ఈటెలతో పొడుచుకుని, పొడుచుకుని, అలిసిపోయి చివరికి బావాబావమరుదులమని ఒప్పందం చేసుకున్నారు. అప్పట్నుంచి ఈ రెండు జాతులవాళ్ళు ఎక్కడ ఎదురుపడినా తిట్టుకోవాలి. అది వరస. నేను వాణ్ణి కోతులు తినేవాడా అనాలి, వాడు నన్ను ఎలుకలు తినేవాడా అనాలి. ఇన్నేళ్ళుగా ఈ లువాంగ్వా అడవిలో తుపాకీ పట్టుకుని వాడు ముందు, దారి చెబుతూ నేను వాడి వెనక, నా వెనక అడవి చూడటానికొచ్చిన అతిథులు, అందరికీ చివర టీ సామాను మోసే జెబ్రాన్. నడిచేటప్పుడు నోరు మూసుకుంటాం. టీకి ఆగిన చోట కసి తీర్చుకుంటాం. ఏ రోజూ తప్పలేదు.

ఇప్పుడు చూడు. నిన్న టీ దగ్గర, అతిథులు కాస్త దూరంగా ఉన్నప్పుడు నేనే ఎర వేశాను. "బావా, ఈ ఏడు బబూన్లు బాగా బలిశాయి, మీ ఆవిడకి కబురు పెట్టనా?" అన్నాను. మామూలుగా అయితే మా వంశం మొత్తాన్ని కలుగులోంచి లాగి ఎండేసేవాడు. వాడు నేలచూపులు చూస్తూ "బాగున్నాయండీ" అన్నాడు. అండీ! నాతో! బిస్కెట్టు గొంతులో అడ్డం పడింది.

బావ తిట్టడం మానేశాడంటే వరస తెంచుకున్నాడనేగా. నాన్న పోయినప్పుడు, ఆయనకి తవ్విన గోతిలోకి దిగి పడుకుని, "ముసలాడికి ఇంత మెత్తటి చోటెందుకు? కోడినిస్తేగానీ లేవను" అని గోల చేసింది వీడే. అప్పటిదాకా రాయిలా కూర్చున్న అమ్మ ఫక్కున నవ్వింది, ఆ నవ్వు మీదే ఏడుపూ వచ్చింది. రేపు నేను పోతే ఆ గోతిలోకి ఎవరు దిగుతారు? నిన్నెవరు నవ్విస్తారు?

"ఏం చేశానురా నీకు?" అని అడిగేశాను కూడా. "ఏమీ లేదండీ" అన్నాడు.

అందుకని నీతో చెప్పకుండానే ఒక పని చేశాను. దిగువ క్యాంపుకి మార్చమని మేనేజర్ని అడిగాను. ఒప్పుకున్నాడు. ఎందుకో మరీ తొందరగా ఒప్పుకున్నాడు. ఈ అతిథులు వెళ్ళగానే నా పెట్టె సర్దుకుంటాను. అక్కణ్ణుంచి ఇల్లు ఇంకా దూరమని తెలుసు. కానీ అక్కడి తుపాకీ మనిషి నాకు పరిచయం లేనివాడు. పరిచయం లేనివాడు మర్యాద చేస్తే బాధుండదు.

ఎవరూ తిట్టక చిక్కిపోతున్న,
నీ లెవిసన్

*

ఎస్నార్టూ, నా ముసలిదానా,

నీ తిట్లు అందాయి. ఈ మధ్య ఎవరూ పెట్టలేదేమో, రెండుసార్లు చదువుకున్నాను.

మొన్న పొద్దున ఎండిన వాగు పక్కన నడుస్తున్నాం. గాలి తిరిగింది. మొపానె పొదల్లోంచి ఒక ఆడ ఏనుగు, వెనక దాని పిల్ల. చెవులు విప్పింది, తల ఎత్తింది, వచ్చేసింది. అతిథులు నేను చెప్పినట్టే ఒకరి వెనక ఒకరు కదలకుండా నిలబడ్డారు. కసొండే తుపాకీ ఎత్తాడు గానీ పేల్చలేదు, గట్టిగా అరిచాడు. నేనూ అరిచాను. అది మా ముందు దుమ్ము లేపి ఆగింది. కాసేపు మమ్మల్ని చూసింది. మేము పెద్ద విశేషమేమీ కాదని తేల్చుకున్నట్టుంది, పిల్లని తోసుకుంటూ వెళ్ళిపోయింది.

దుమ్ము తగ్గాక చూసుకుంటే నా చెయ్యి కసొండే బెల్టు పట్టుకుని ఉంది.

"ఎలుకలు తినేవాడా! వదలరా నా ప్యాంటు! ఏనుగు చంపకపోయినా నువ్వు నా పరువు తీసి చంపేలా ఉన్నావు!"

"చెట్టెక్కేస్తావని పట్టుకున్నాన్రా! కోతికూర తిన్నవాడివి, నిన్ను నమ్మేదెలా?"

ఇద్దరం పడీపడీ నవ్వుతున్నాం. అంతలో వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి చూశాడు. నెల్లాళ్ళు ఉండటానికొచ్చిన ఈ అతిథుల్లో ఇంగ్రిడ్ అనే పెద్దావిడ ఉంది. ఆవిణ్ణి చూసి, "అమ్మా, ఇతను నన్ను ఏమీ అనలేదు. ఏనుగుని అన్నాడు" అన్నాడు.

అప్పుడు బయటపడింది. వచ్చిన మొదటిరోజు మేము నవ్వుతూ కొట్లాడుకుంటుంటే ఆవిడ జెబ్రాన్‌ని పిలిచి అర్థం అడిగిందట. ఆ మహానుభావుడు ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు: కసొండే కోతులు తింటాడని, వాడు చస్తే దుప్పటి కూడా కప్పకుండా పూడ్చేస్తానని నేను అన్నానని. పాపం ఆవిడకి నిద్ర పట్టలేదు. మేనేజర్‌కి చెప్పింది. ఆయన దేశానికి కొత్త, ఈ వరసలు ఆయనకేం తెలుసు? కసొండేని పిలిచి, ఇంకోసారి అతను నీ జాతిని తిడితే అతన్ని పనిలోంచి తీసేస్తాను, నువ్వు భయపడకు అన్నాడట.

"అది సరసమని చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్పాను. భయపడి అంటున్నాననుకుని భుజం తట్టాడు."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే ఊరుకుంటావా? వెళ్ళి ఆయన్ని కూడా తిట్టొస్తావు. నేను మొదలెట్టకపోతే నువ్వూ మానేస్తావనుకున్నా. నువ్వేమో కుక్కపిల్లలా వెంటపడి మరీ తిట్టావు."

జెబ్రాన్ కెటిల్ దింపి, "నేను చెప్పినవన్నీ నిజమే కదా?" అన్నాడు. నిజమేరా నాయనా, ఇంకెప్పుడూ చెప్పకు అన్నాం.

ఇంగ్రిడ్ అమ్మకి అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నేను సాయం చేద్దామనుకున్నాను" అంది. "చేశారమ్మా. మాకు మర్యాద నేర్పారు. ఇంకొక్క వారం సాగితే ఇద్దరం పోయేవాళ్ళం" అన్నాను.

కానీ నా బదిలీ ఖాయమై కూర్చుంది కదా. క్యాంపుకి రాగానే ముగ్గురం మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. ఇంగ్రిడ్ అమ్మ తనకి తెలిసినంత చెప్పింది. ఆయన అంతా విని, కసొండే వైపు తిరిగి, "మీరు చెప్పండి. ఇతను మీతో ఉండాలా, వెళ్ళాలా?" అన్నాడు.

బావని బావ ముందే పొగడకూడదు కదా, కసొండే నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. "తీసుకుపొమ్మనండి సార్, ఈ తిండిపోతుని. దేశానికి పట్టిన పీడ" అన్నాడు.

మేనేజర్ నావైపు చూసి, "విన్నారుగా" అన్నాడు.

కసొండేకి తను అన్నదేమిటో అప్పుడర్థమైంది. ఏనుగు ముందు పట్టని చెమట అప్పుడు పట్టింది వాడికి. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగి నిలబడి, నా మొహం కనపడకుండా, అన్నాడు: "ఇతను వెనకాల ఉంటే నేను వెనక్కి చూడను సార్. ఇంకెవరున్నా చూస్తాను. అడవిలో వెనక్కి చూసేవాడు ముందుది చూడలేడు."

మేనేజర్ నా బదిలీ కాగితం చింపేశాడు.

బయటికొచ్చాక ఇద్దరం చాలాసేపు చెరో దిక్కు చూస్తూ నిలబడ్డాం. సిగ్గేసింది ఎస్నార్టూ. పెళ్ళినాడు కూడా అంత సిగ్గుపడలేదు. చివరికి వాడే, "నా చేత మంచిమాట అనిపించావు కాబట్టి తప్పు కింద మేకనివ్వు" అన్నాడు. సెలవుల్లో వచ్చి తోలుకుపోతాడట. ఆ గోధుమరంగు దాన్ని మీ అన్న ఇంటి దగ్గర కట్టెయ్యి. అడిగితే హైనా ఎత్తుకుపోయిందని చెప్పు. నమ్మడనుకో, అయినా చెప్పు.

ఉండు, కేకలేస్తున్నాడు. వంటపాక వెనకకి ఏనుగు వచ్చిందట, వంటవాడు న్షిమా సంకటి కుండతో సహా లోపల ఇరుక్కున్నాడట. నేను లేకుండా తను కదలడట. ఊహూ, అలా అనలేదు. వాడన్నది ఏమిటంటే, "త్వరగా రారా, ముందు నిన్ను తొక్కితే దాని కోపం తగ్గి నన్ను వదిలేస్తుంది!" వెళ్తున్నాను.