వళ్ళియమ్మ చెప్పని పేరు

తిరువళ్ళూరు, 9-11-83

ప్రియమైన అక్కకు,

జూలైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన దాడుల నుంచి ప్రాణాలతో తప్పించుకొని మీ తిరుత్తణి సత్రానికి చేరినవాళ్ళ వాంగ్మూలాలు మా సీనియరు లాయరుకు ఇచ్చాను. ఎంతమంది పోయారన్న లెక్క ఒక్కటే చాలదట. ఆ గుంపులు తమిళులను తమిళులైనందుకే, ఆ జాతిని అంతా కాకపోయినా కొంతయినా, లేకుండా చేయాలనుకున్నారని రుజువైతేనే చట్టం దాన్ని జాతి నిర్మూలన అంటుంది. కాకుంటే అల్లరిమూక పని.

వాళ్ళలో వళ్ళియమ్మ మాట మీద ఆశ పెట్టుకున్నాం. గుంపు చేతిలో కాగితం చూసుకొని తన మొగుణ్ణి పేరుతో పిలిచి చంపిందని చెప్పింది కదా! అంటే ముందే జాబితా రాసుకొని వచ్చారన్నమాట. ఏ పేరు పిలిచారని మూడుసార్లు అడిగినా మాత్రం తల వంచుకుంది. విననిది విన్నట్టు చెబుతోందని రాసేశాను. సోమవారం ఆమెది తప్ప మిగతా కట్ట మద్రాసు పోతుంది.

నీ తమ్ముడు,
దామోదరం

తిరుత్తణి, 11-11-83

చిరంజీవి దామోదరానికి,

కోర్టు మెట్లెక్కి ఇంటి గడప మరిచావురా! నేను మీ బావ పేరు పలకగా ఎన్నడైనా విన్నావా? రేషన్ కార్డు గుమాస్తా అడిగినప్పుడు పక్కింటి తాయమ్మ చేత చెప్పించాను. వళ్ళియమ్మదీ అదే పద్ధతి. దానికే ఆమెను అబద్ధాలకోరును చేస్తావా? నాకు ఒళ్ళు మండింది. కట్ట ఆపు.

అక్క సుందరవల్లి

తిరువళ్ళూరు, 13-11-83

ప్రియమైన అక్కకు,

సిగ్గుతో చచ్చిపోతున్నాను. సీనియరు వారం ఆగుతానన్నాడు. సత్రం రిజిస్టరులో ఆమె మొగుడి పేరుంది గానీ, గుంపు పిలిచిన పేరు విన్న మనిషి నోటే రావాలట. ఆమె చెప్పినా ఒక్క సాక్ష్యంతో జాతి నిర్మూలనని తేలదు. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పు. బలవంతం చేయకు.

దాము

తిరుత్తణి, 18-11-83

ప్రియమైన దాముకు,

అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పొద్దున వళ్ళియమ్మ బియ్యం ఏరుతూ తనే మొదలుపెట్టింది.

"అక్కా, పద్దెనిమిదేండ్లు కాపురం చేసినా. ఒగసారి గూడా ఆయప్పను పేరు పెట్టి పిలవలా. కడాసిగా, ప్రాణం పోయేముందర, పిలిచినోళ్ళు వాళ్ళే. ఆ పేరు వాళ్ళ నోట్లోనే ఉండిపోవాల్నా?"

చేట కింద పెట్టి, "నటరాజ్" అంది.

రాసుకొని వేలిముద్ర వేయించాను, ఇందులోనే పెట్టాను. ఆ చంపడానికి చట్టంలో ఏ పేరు పెట్టాలో మీ పెద్దలు తేల్చుకోండి. నాకు ఏడుపు ఆగలేదు. నేను కాగితం మడిచేశాక కూడా ఆమె నటరాజ్, నటరాజ్ అని పిలుస్తూనే ఉంది.

మీ అక్క