ఎండుచేపలు తిరగేసిన సెలవు

ఆదివారం రాత్రి, కాపెల్

ఇక్కడి మా తెలుగు చర్చిలో తలో వంటా తెచ్చుకున్న పాట్‌లక్‌లో రూత్ "జపాన్‌లో ఏం చూశారు వదినా?" అని అడిగింది. మా ఆవిడ "ఏం చూళ్లేదమ్మా, ఎండుచేపలు తిరగేశాను" అంది. అందరూ నవ్వారు. తను నవ్వలేదు.

నిజమే. టూరిస్టులెవరూ దిగని ఆ సముద్రపు ఊళ్లో నేను సెలవంతా తర్వాతి రైలెప్పుడా అని ఫోన్ చూస్తూ గడిపాను. తనేమో మేం దిగిన ఇంటి ముసలావిడ పక్కన కూర్చుని, తడిక మీద చేపలు తిరగేస్తూ, మచిలీపట్నంలో వాళ్లమ్మ పాడే కీర్తన పాడుకుంది.

చర్చి నుంచి తిరిగొస్తూ కార్‌లో "మళ్లీ అక్కడికే బుక్ చేయండి" అంది.

"అక్కడేముంది?" అన్నాను.

కిటికీ వైపు తిరిగింది.

నిద్ర పట్టడం లేదు. ఈ ఇంట్లో తను పాడుకోగా ఎప్పుడైనా విన్నానా?