మీరు పెట్టిన బొటనవేలు

తహ్రీమ్ అబ్బాకు బిల్కీస్ సలాం.

అల్లా దయవల్ల ఇక్కడ మా ఆరోగ్యాలు బాగానే ఉన్నాయి. సూరత్‌లో మీ దగ్గు తగ్గిందనుకుంటాను. తహ్రీమ్‌కు ఇంగ్లీషులో క్లాసు ఫస్టు వచ్చింది. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఫోన్లో రాస్తే మళ్లీ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారని కాగితం పట్టాను.

ఎందుకు మాట్లాడటం లేదని మొన్న వాయిస్ మెసేజ్‌లో అడిగారు కదా, చెబుతాను. మాదన్నపేట ఇంట్లో నేనూ లీలమ్మా మగ్గం వర్క్ చేసుకునే ముందు గదిని మొబైల్ షాపుకిద్దామని మీ అన్న దస్తగీర్ భాయ్ ఫ్యామిలీ గ్రూపులో రాశారు. నన్ను మాటవరసకైనా అడగలేదు. దాని కింద మీ బొటనవేలు. మర్నాడే భాయ్ ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొచ్చారు. నేను అడ్డం నిలబడితే ఫోను చూపించారు.

"చూడమ్మా, అమీర్ థంబ్స్ అప్ ఇచ్చిండు. ఇంక లొల్లి ఏంది?"

ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉంటుందేమోనన్న ఆశతో తహ్రీమ్‌ను అడిగాను.

"థంబ్స్ అప్ ఇచ్చిండంటే మంచిగుంది, కానియ్యిండ్రి అన్నట్టు అమ్మీ. పద్యం తప్పు లేకుండ చెప్తే మా టీచర్ గట్లనే ఇస్తది" అంది, తల వంచుకుని.

మగ్గానికి బిగించిన బట్టను పని పూర్తయ్యేదాకా విప్పకూడదని మీకు తెలుసు. పెళ్లయిన కొత్తలో దారాలు లాగి బిగించి ఇచ్చింది మీరే. సైదాబాద్ షారోన్ పెళ్లి చీర మీద ఇరవై రోజులు కూర్చున్నాం. ఆ మనుషులు దారాలు కోసి, చీర చుట్టి మూల పడేశారు. జరీ పూలన్నీ వంకర పోయాయి. ఆ పిల్లకు ఏం ముఖం పెట్టుకుని చెప్పను?

మీరేమో ఆ మెసేజ్‌లోనే "చూసిన అని పెట్టిన, గంతే. గింత దానికి ఫికర్ ఎందుకు?" అంటున్నారు. ఇంకో ఇద్దరిని పనిలో పెట్టుకోనా అని పోయిన రంజాన్‌కు నేనడిగితే కూడా ఆ వేలే పెట్టారు. మా ఆయన నా వెనక ఉన్నాడని బస్తీ అంతా చెప్పుకొని మురిసిపోయాను. అది కూడా చూశాననేనా? దస్తగీర్ భాయ్ మీద నాకంత కోపం లేదు. నమ్మించి గొంతు కోసింది మీరు.

ఇంతసేపూ దాచిన మాట ఒకటుంది. ఇది మాదన్నపేట నుంచి రాయడం లేదు. ఆ సాయంత్రమే లీలమ్మ, "అక్కా, మా ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది. మగ్గం తీస్కొని వచ్చెయ్" అంది. మగ్గం కర్రలు, తహ్రీమ్ పుస్తకాలు ఆటోలో వేసుకుని వచ్చేశాను. మిమ్మల్ని అడగలేదు. చీర మళ్లీ బిగించాం. వంకర పూలు విప్పి కొత్తగా కుడుతున్నాం. షారోన్ రోజూ వచ్చి పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కిస్తోంది.

సెలవు మీద వస్తే మాదన్నపేట తాళంచెవి మీ అన్న దగ్గరుంది. ఇక్కడికి రావాలనిపిస్తే ముందు నన్నడగండి. నోటితో అడగండి.

ఎప్పటిలా 'మీ బిల్కీస్' అని రాయబోతే చెయ్యి ఆడలేదు.

ఇట్లు,
జహనుమా, లీలమ్మ ఇంటి ముందు గది నుంచి
తహ్రీమ్ అమ్మీ