మైల్డ్ అల్లుడు

అల్లుడు దొరికాడే చిట్టితల్లీ! ఆశీస్సులు తర్వాత, ముందు ఇది విను.

వారం నుంచి ఒక అబ్బాయి రోజూ మన షాపుకి గడ్డం గీయించుకోవడానికి వస్తున్నాడు. గీయడానికి అక్కడ గడ్డమంటూ ఉంటేగా! నిన్న నా కబుర్ల ధ్యాసలో కత్తి జారి చుబుకం కింద గాటు పడింది. రక్తం కారుతుంటే, "నేనే కదిలాను బాబాయ్. మీరు చెప్పండి, మీ అమ్మాయి అద్దం ఎలా పగలగొట్టింది?" అన్నాడు. కత్తి కింద మెడ పెట్టినప్పుడే మనిషి గుణం బయటపడుతుందమ్మా. ఇతన్ని వదులుకోను.

మురిసిపోతున్న
మీ నాన్న

తా.క. పెళ్ళయిందా అని అడిగాను. చెవులు ఎర్రబడ్డాయి. కాలేదన్నమాట!

*

నాన్నకి నమస్కారాలు, వాటికి రెట్టింపు కోపాలు.

నన్ను అడక్కుండా ఎవరికీ మాటివ్వకు. మా ఆఫీసులో ఒకతన్ని ఇష్టపడ్డాను. చాలా మైల్డ్ మనిషి. సెలవు పెట్టి ఊరెళ్ళాడు, రాగానే నీ దగ్గరికి తీసుకొస్తాను. చేసుకుంటే అతన్నే.

నీ చిట్టి

తా.క. ఆ గాటబ్బాయికి దూది అంటించి పంపించెయ్.

*

మొండి చిట్టికి ఆశీస్సులు.

మైల్డ్ ఏమిటే? మందుల షాపాయన మైల్డ్ జ్వరమంటే ఒళ్ళు కాస్త వెచ్చబడడం అన్నాడు. టీ కొట్లో మైల్డ్ అంటే చప్పటి టీ పోశారు. రేడియో వాతావరణ వార్తల్లో మైల్డ్ అంటే లేత ఎండట. మన సబ్బుపెట్టె మీదా ఆ ముక్కే, చర్మం మండదట. ఇంతకీ నీవాడు వెచ్చనా, చప్పనా?

చిన్నప్పుడు నువ్వు జుట్టు కత్తిరించుకోవడానికి షాపు కుర్చీ చేతుల మీద అడ్డచెక్క వేసుకుని కూర్చుంటే, మీ అమ్మ వేణ్ణీళ్ళు తన ముంజేతి మీద పోసుకుని చూశాకే నీ తల తడిపేది. అలా చూసుకునేవాడు కావాలి నీకు, చప్పటి టీ కాదు.

బెంగపడుతున్న
మీ నాన్న

తా.క. మన గడ్డం కుర్రాణ్ణీ మైల్డ్ అంటే ఏమిటని అడిగాను. నోటి నిండా నురగ. ఏదో చెప్పబోతే, "కదలకు నాయనా" అని కత్తి పెట్టేశాను.

*

నాన్నా,

అతను సెలవు నుంచి వచ్చాడు. చుబుకం కింద గాటు! ఏమైందంటే "నేనే కదిలాను" అన్నాడు.

ఊరికి కాదట, నీ దగ్గరికేనట, నన్నిమ్మని అడగడానికి! నోరు తెరిచేలోపు కుర్చీలో కూర్చోబెట్టి నురగ పూసేవాడివట. రేపైనా చెబుదామని రోజూ వచ్చి గీయించుకున్నాడట.

నీ చిట్టి

తా.క. అద్దం పగలగొట్టింది నువ్వు. నేను కాదు.

*

ఒక్కడే తేలాడే తల్లీ, ఇద్దరూ ఒక్కడే!

మైల్డ్ అంటే ఇప్పుడు తెలిసింది. అమ్మ చెయ్యి పెట్టి చూసిన నీళ్ళు. ముహూర్తం పెట్టించేస్తున్నాను. పెళ్ళిరోజు గడ్డం మాత్రం నేనే గీస్తాను, నోరు మూసుకుని.

మీ నాన్న

తా.క. వీళ్ళకి చెప్పాలి: పెద్దత్తయ్యకి అందరికంటే ముందు, లేకపోతే అలుగుతుంది. చిన్న తాతయ్యకి చెవి దగ్గర, గట్టిగా. మామయ్యకి, ఆయన అడిగే ప్రశ్నలన్నీ అయ్యాక. పిన్నికి చెబితే మిగతా అందరికీ చెప్పినట్టే. అమ్మ పటానికి నేను చెప్పేశాను, పొద్దున షాపులో నీళ్ళు వెచ్చబెడుతూ.