ఉత్తరం గోడ

గురజాల, జనవరి 25

ప్రియమైన అక్తరూ,

బస్సెక్కితే గంటలో మాచర్లలో నీ ముందుంటాను. ఫోను చేస్తే అంతకూ ముందే దొరుకుతావు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. మొన్న ఫోన్లో రాతి మీద చెక్కే అంకెల దగ్గర మనం పోట్లాడుకున్న తీరు చూశాక ఇదే మేలనిపించింది. కాగితం మీదైతే నువ్వు నా మాటను సగంలో కొయ్యలేవు.

గోడ దొరికిందే. మా పఠన మందిరం దక్షిణం గోడ, బస్సులు తిరిగే రోడ్డు వైపుది. ఇన్నాళ్ళూ మన నీడగడియారాల సంఘమంటే ఏమిటి? ఆదివారం ఆదివారం మా మిద్దె మీద చేరి, పళ్ళేల్లో గొడుగు ఊచలు నిలబెట్టి, నీడ గీతలు గీసి, టీ తాగి వెళ్ళిపోవడం. ఊళ్ళో మనకు పనిలేనివాళ్ళ సంఘమని పేరు. ఇప్పుడు ఊరంతా తలెత్తి చూసే గోడ మనకిస్తామంటున్నారు. రెండు రోజుల్నించి నాకు అన్నం సయించడం లేదు, సంతోషంతో.

షరతు ఒకటుంది. మందిరం అధ్యక్షుడు అమర్నాథ్ గారు పెట్టారు. ప్రారంభం రోజు మిట్టమధ్యాహ్నం నీడ సరిగ్గా పన్నెండు గీత మీద పడాలి. పడితే గోడ మనదే, మేడ మీద గది కూడా సంఘానికే. పడకపోతే రాయి ఊడదీసి, గోడను సిమెంటు కంపెనీ ప్రకటనకు ఇచ్చేస్తారు. నేను ఊరుకున్నానా? "పడకపోతే సంఘమే మూసేస్తామండీ" అని మెంబర్లందరి ముందూ అనేశాను. మన నిచ్చెనలన్నీ మోసే ప్రభుదాసు బాబాయి ముఖం పాలిపోయింది. పాపం, లైన్‌మాన్‌గా రిటైరయ్యాక ఆయనకు ఉన్నదల్లా ఈ సంఘమే.

ప్రారంభం మే నెల ఆఖరి ఆదివారం. పిల్లలకు సెలవులు, నాకూ కాలేజీ ఉండదు.

మీ యార్డులో మంచి లేత రంగు నాపరాయి చూసి కోయించు. గీతల బొమ్మ ఇందులో పెట్టాను. ఆ ఇంగ్లీషు పుస్తకంలో గోడ గడియారం బొమ్మ తీసుకుని మన ఊరి లెక్కకు మార్చాను. అంకెలు తెలుగులోనే ఉండాలి. అందులో మాత్రం మార్పు లేదు.

నీ సుభ


మాచర్ల, ఫిబ్రవరి 3

ప్రియమైన సుభాషిణికి,

నీ ఉత్తరం మా ఆయన జిలానీ యార్డులో అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. "మీ ఫ్రెండు సంఘాన్ని తీసుకెళ్ళి పందెంలో పెట్టింది, ఏంది కత?" అని ఒకటే నవ్వు. నోరా వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. నిన్ను చూసే అని ఉంటారు.

మే ఆఖరంటే రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో మిట్టమధ్యాహ్నం జనాన్ని నిలబెడతావా? ఉగాదికి పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? వినవని తెలుసు. రాసి పెడుతున్నానంతే.

రాయి దొరికింది. నాలుగడుగులది, ఎక్కడా మచ్చ లేదు. మిషను మీద పాలిష్ పట్టిస్తే చెయ్యి వెయ్యబుద్ధయ్యేట్టు వచ్చింది. గీతలు నేనే దగ్గరుండి కోయిస్తాను. తెలుగు అంకెలే చెక్కిస్తాను. చదివేవాణ్ణి మాత్రం నువ్వే వెతుక్కో.

ఇంకోమాట. దేశమంతటికీ ఫోన్లలో ఒకటే టైం, పొద్దు మాత్రం తూర్పు వాళ్ళకు ముందూ మనకు తర్వాతా వస్తుంది. నువ్వు చెప్పిన రోజున ఫోన్లో పన్నెండయ్యాక పది నిమిషాలకు గానీ మన నీడ గీత మీదికి రాదు. ఈ సంగతి జనానికి ముందే చెప్పు. లేకపోతే పరువు దక్కదు.

ఉంటాను,
అక్తర్


గురజాల, ఏప్రిల్ 12

ప్రియమైన అక్తరూ,

నీ రాయి గోడెక్కిన దగ్గర్నుంచి నేను రోడ్డు మీదే కాపురముంటున్నాను. నువ్వు వచ్చి చూసి వెళ్ళాక ఇంకా ఏమేం జరిగిందో విను. దాచేపల్లి బస్సు కండక్టరుతో ఒక ముసలాయన, "ఏందయ్యా, రాయిలో ఇంకా పదకొండే కాలా, అప్పుడే బస్సు తీశావా?" అని గొడవకు దిగాడు. కండక్టరు దిగొచ్చి రాయి ముందు నిలబడి తన వాచీ సరిచేసుకోబోయాడు. నేనే పరిగెత్తి వెళ్ళి వద్దని ఆపాను.

అంకెలు ముసలివాళ్ళకు తప్ప ఎవరికీ రావడం లేదన్నది నిజమే. ఒకమ్మాయి వచ్చి, "మేడం, ఇది ఏ భాష?" అంది. నవ్వకు.

కొత్తగా తొమ్మిదిమంది చేరారు. వెల్దుర్తి నుంచి ఇద్దరు మిరప రైతులు కూడా. ప్రభుదాసు బాబాయి అందరికీ నిచ్చెన ఎక్కడం నేర్పుతున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

ఇంకో వింత. గోడలోంచి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంది చూడు, దాని మధ్యాహ్నపు నీడ వారం వారం పొడుగవుతోంది. ఫిబ్రవరిలో రాయి సగం దాకా ఉండేది. ఇప్పుడు రాయి దాటి గోడ కింద దాకా సాగుతోంది. పొద్దున పూట మాత్రం ఎండ కాస్త ఆలస్యంగా తగులుతోంది. నీడ ఇంత పొడుగ్గా, ఇంత దర్జాగా దిగుతుంటే ప్రారంభం నాటికి ఎట్లా ఉంటుందో ఊహించుకో. నాకైతే ఒక్కచోట కాలు నిలవడం లేదు.

నీ సుభ


గురజాల, మే 8

అక్తరూ,

గోడ మీద ఎండ లేదు.

మబ్బు పట్టి కాదు. రోడ్డు మీద చెప్పు లేకుండా కాలు పెట్టలేం, అంత ఎండ. గోడకు మాత్రం చుక్క తగలడం లేదు. మూడు రోజులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూచుని చూశాను. పొద్దు మందిరం వెనకనుంచి లేస్తోంది, నడినెత్తికి కాస్త అవతలగా నడుస్తోంది, మళ్ళీ వెనకే దిగుతోంది. ముందు గోడ నిండా నీడే. అందులో మన కడ్డీ నీడ ఎక్కడని వెతకను?

ఆ పుస్తకం రాసిన చలిదేశంలో పొద్దు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటుంది. మనకు మే మొదట్లో నెత్తి దాటి ఉత్తరానికి పోతుంది, శ్రావణం దాకా ఇటు రాదు. పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని. లెక్కంతా సరిగ్గా వేశాను. పొద్దు ఎటు ఉంటుందో మాత్రం చూడలేదు.

కరపత్రాలు పంచేశాం. నిన్న సిమెంటు కంపెనీ పెయింటరు వచ్చి గోడ కొలుచుకుని వెళ్ళాడు. పదిహేడో తేదీ మీటింగులో సంఘం మూసేస్తున్నామని చెప్పేస్తాను. ప్రభుదాసు బాబాయికి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

సుభ


మాచర్ల, మే 12

ప్రియమైన సుభా,

ఏడుపు ఆపి ముక్కు తుడుచుకో. తప్పు నీ ఒక్కదానిదే కాదు. ప్రతి ఏడూ మే నెల రాగానే నా కుర్చీ షెడ్డుకు దక్షిణం వైపు వేయించుకుంటాను, అటు చల్లగా ఉంటుందని. రోజూ అందులో కూచునే నీ రాయి కోయించాను. ఆ నీడ దేనిదని ఒక్కరోజన్నా ఆలోచించానా? పల్నాడు ఎండలో పుట్టి పెరిగిన ఇద్దరు ఆడవాళ్ళం, ఒక్కరం తలెత్తి చూడలేదు.

సరే. నీకు జవాబు ఉత్తరంలో ఉంది. ఈ కాగితం సంగతి కాదే, ఆ దిక్కు సంగతి. ముందు గోడ చీకటైన మూడు నెలలూ వెనక గోడకు ఎండ తగలాలి కదా. అక్కడ ఇంకో రాయి పెడదాం. గడియారానికి రెండు ముఖాలుంటే తప్పేంటి? కడ్డీ ఈసారి కాస్త పైకి చూడాలి, గీతలు అటుదిటు తిరగాలి. వెనక రాయి మీద అంకెలు మామూలు గడియారం లాగే తిరుగుతాయి. అదీ మనకు మంచిదే.

నువ్వు గీతలు పంపు. నేను ఇప్పుడే రాయి చూడ్డానికి వెళుతున్నాను. సంఘం మూసేస్తానని ఎవరికన్నా చెప్పావో, నీ ఇంటికొచ్చి మరీ తంతాను.

నీ అక్తర్


గురజాల, మే 18

ప్రియమైన అక్తరూ,

చెప్పలేదు. చెప్పబోయే ముందురోజే నీ ఉత్తరం వచ్చింది. మీటింగులో గట్టిగా చదివాను. ప్రభుదాసు బాబాయి లేచి అక్కడికక్కడే నిచ్చెన భుజాన వేసుకుని వెనక సందులోకి పోయాడు. మేమంతా ఆయన వెనకే. వెనక గోడ నిండా ఎండ. అందరూ గోడకు చేతులు ఆనించి చూశారు, జ్వరం చూసినట్టు.

అమర్నాథ్ గారు తేదీ మార్చనన్నారు. వెనక గోడ అడిగితే ఆశ్చర్యపోయారు. "ఆ సందులో ఎవరు చూస్తారమ్మా? సరే, ఏ గోడైనా పన్నెండు చూపించాల్సిందే. షరతు షరతే" అన్నారు. చాలు.

ఆ గోడకు ఆనుకుని మార్తమ్మ అనే ఆవిడ ఎండుచేపలు అమ్ముతుంది. పైన పట్టా కట్టుకుంది, అది తీస్తే గానీ ఎండ రాదు. భయపడుతూ అడిగాను. "మా వైపు ఎప్పుడన్నా సున్నమేశారా? ఇప్పుడు గడియారం ఏస్తారంటే నేనెందుకు వద్దంటా? ఇప్పేస్తాలే" అంది. ఆవిడ మూడు నెలలు ఎండలో ఎట్లా కూచుంటుందని బాబాయి అప్పుడే పక్కకు జరిపి కొత్త పందిరి వేయడం మొదలుపెట్టాడు.

గీతలు పంపుతున్నాను. ఈసారి ఇద్దరు మెంబర్లతో కలిసి ముగ్గురం కూచుని చూశాం, లెక్కనూ ఆకాశాన్నీ.

నీ సుభ


మాచర్ల, మే 29

సుభాషిణికి,

రాయి తయారైంది. రేపు జిలానీ ఆటోలో తెస్తాడు, ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. అడక్కుండా మామూలు అంకెలే చెక్కించాను, తిట్టుకో.

నేను రావడం లేదు. అంకెల దగ్గర నువ్వన్న మాటలు ఇంకా నా మనసులోనే ఉన్నాయి. నీ ప్రారంభం నువ్వు చేసుకో.

అక్తర్


గురజాల, మే 31

నా ప్రియమైన అబద్ధాలకోరుకి,

నీ ఉత్తరం చదివి నిన్న సాయంత్రమంతా నీ మీద మండిపడ్డాను. గోడకు రాయి బిగిస్తున్నంతసేపూ జిలానీ అన్న తల వంచుకుని పని చేశాడు. చివరికి నేను "అంత పొగరేంటి దానికి" అనేసరికి ఆయనకు ఆగలేదు. "పొగరు కాదమ్మా. ఈ రాయే ఎత్తిస్తుంటే జారి కాలి మీద పడింది. రెండు వేళ్ళు ఇరిగినయ్. చెప్తే నువ్వు పని ఆపేస్తావని నాతో ఒట్టేయించుకుంది" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నిచ్చెన పట్టుకునే ఏడ్చాను. నువ్వు లేకుండా నాకు ఏ ప్రారంభమూ వద్దనిపించింది. కానీ నీ వేళ్ళు విరిగింది అందుకా? కళ్ళు తుడుచుకుని కడ్డీ బిగించాం. అప్పటికి పొద్దు గుంకింది. సరిచూసుకునే వీల్లేకపోయింది.

ఇక ఇవాళ. షామియానా వాళ్ళు అలవాటు ప్రకారం రోడ్డు వైపు, ముందు గోడ దగ్గర వేసేశారు. జనం చానామంది వచ్చారు, ఆ ఎండలో. అందరూ కుర్చీల్లో కూచుని చీకటి గోడ వైపు చూస్తున్నారు. నేను మైకు తీసుకుని, "గడియారం వెనకుంది, అందరూ దయచేసి వెనక సందులోకి రండి" అన్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు. అప్పుడు బాబాయి ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని నడిచాడు. అంతే, ఒక్కొక్కరే కుర్చీలు నెత్తిన పెట్టుకుని పఠన మందిరం చుట్టూ తిరిగి సందులోకి. చివరికి అమర్నాథ్ గారు కూడా, పట్టుపంచె ఎగ్గట్టి, తన కుర్చీ తానే మోసుకుని. నువ్వు చూడాల్సిందే అక్తరూ.

ఫోన్లో పన్నెండయింది. నీడ గీతకు రెండు వేళ్ళ దూరంలో ఆగి ఉంది. పొద్దు ఇంకాసేపటికి వస్తుందని నేను ముందే చెప్పాను, ఎవరు విన్నారు? అమర్నాథ్ గారు లేచి నిలబడ్డారు. "అయిపోయిందమ్మా, పన్నెండు దాటింది" అన్నారు. మార్తమ్మ చేపల గంప దగ్గర్నుంచే, "కూకోండయ్యా. పెళ్ళికొడుకు ఆలస్యమైతే గంటలు గంటలు కూకుంటారు గదా, పొద్దు కోసం కాసేపు కూకోలేరా?" అంది. జనం నవ్వారు. ఆయనా నవ్వి కూచున్నారు.

ఎండ గోడను గీరుకుంటూ దిగుతోంది. నీడ పలచగా ఉంది, కానీ ఉంది. అందరూ లేచి ముందుకొచ్చారు. నీడ జరిగింది, ఇంకాస్త జరిగింది, గీత మీద పడి గీతలో కలిసిపోయింది. నేను అరవలేదు. బాబాయి అరిచాడు. సందంతా అరిచింది. అమర్నాథ్ గారు రాయి దగ్గరకు వెళ్ళి, గీత మీద వేలు పెట్టి చూసి, మేడ మీద గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. గోడలు రెండూ మనవే. ముందు గోడ మీద రాయి కింద ఒక బోర్డు పెట్టమని ఆయనే చెప్పారు: "పొద్దు ఉత్తరానికి వెళ్ళింది. గడియారం వెనక సందులో ఉంది. రండి."

అంతా వెళ్ళాక మార్తమ్మ నన్ను ఆపింది. "శ్రావణం పోయాక పొద్దు మళ్ళీ ముందుకు పోద్దంటగా. అప్పుడు మా గడియారం ఏమైపోద్ది?" అంది. రోడ్డు వైపు వాళ్ళకు మూడు నెలలు గడియారం లేకపోతే నేను సంఘమే మూసేద్దామనుకున్నాను. ఈమెకు మిగతా ఏడాదంతా ఉండదు. అది అడుగుతోంది.

నిలబడి చుట్టూ చూశాను. ముందు గోడ చీకటి. వెనక గోడ సగం ఎండ. మార్తమ్మ పందిరి అవతల, ఏ నెలలోనూ మందిరం నీడ చేరని చోట, నేల మాత్రం నిండా ఎండలో ఉంది. ఏ నెలైనా, పొద్దు ఏ పక్కనున్నా ఆ నేలకు ఎండ తగులుతుంది. మీ మాచర్ల రాయి పుట్టిందే నేల మీద పరవడానికి. మనమే దాన్ని గోడెక్కించాం.

మార్తమ్మ, నేను, బాబాయి కలిసి అక్కడ మూడో రాయికి చోటు కొలిచాం. మార్తమ్మ తన గంప ఇంకో రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

కాలు జాగ్రత్త.

నీ సుభ